కోదాడ బస్సులో బారోఫోరెసిస్

తోపులాటను తిట్టేవాళ్లంతా సైన్సు చదువుకోనివాళ్లు! ఊరికే అనడం లేదు. కోదాడ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా ఫిజిక్సు చెబుతూ, సూర్యాపేట నుంచి రోజూ ఆర్డినరీ బస్సులో వెళ్లొస్తున్న అనుభవంతో అంటున్నాను.

ఈ మధ్య ఒక లావుపాటి నిఘంటువులో అరుదైన మాట కంటపడింది. బారోఫోరెసిస్! ఒత్తిడి వల్ల కణాలు ఒక చోటి నుంచి మరో చోటికి తరలిపోవడం అని అర్థం. అర్థమైతే ఇచ్చారు గానీ, ఎలా వాడాలో ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వలేదు. పాపం, ఆ పండితులు మా బస్సు ఎక్కినట్టు లేదు.

ఆ లోటు నేనే తీర్చాలనుకున్నాను. "సూర్యాపేటలో ఎక్కిన కణం, తన ప్రమేయం లేకుండానే, కోదాడలో దిగును" అని ఒక వాక్యం రాసి, వాళ్లకు పంపుదామని జేబులో పెట్టుకున్నాను. ఎలా ఉంది?

కణానికి కాళ్లున్నాయా? లేవు. మా బస్టాండులో మనకు మాత్రం వాటితో పనేముంది! కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫ్ విసరాలి. తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడాలి. మిగతాది వెనకవాళ్లు చూసుకుంటారు. లోపలికి వెళ్లాక మన కర్చీఫ్ మీద ఇంకెవరో కూర్చుని ఉంటారు, అది వేరే సంగతి.

లాభాలు ఒకటా రెండా! మిర్యాలగూడలో వియ్యంకుణ్ణి బస్సెక్కించడానికి వచ్చిన మా యుగంధర్ సారు తానే హుజూర్‌నగర్ దాకా వెళ్లి, పనిలో పనిగా అక్కడి చుట్టాలను పలకరించి వచ్చాడు. వియ్యంకుడు మాత్రం బస్టాండులోనే ఉండిపోయాడు. నా చొక్కా గుండీ సూర్యాపేటలో ఊడి, కోదాడలో ఎవరి జడలోనో తేలింది. జిమ్ము మొహం చూడకుండానే నా పొట్ట రెండంగుళాలు తగ్గింది. ఇంకేం కావాలండీ?

ఒక్క మనిషి మాత్రం ఒప్పుకోలేదు. పేరు సత్తమ్మ. మునగాల దగ్గర గొర్రెలు మేపుకునే ఆవిడ.

పోయిన నెల ఒకరోజు చంకలో ఫ్లాస్కుతో సూర్యాపేటలో ఎక్కింది. మందలో జబ్బు మొదలైందట. పశువుల దవాఖానలో టీకా మందు గుప్పెడు ఐసులో పెట్టి ఇచ్చారట. సూదులేసే బిక్షం మునగాలలో పదింటి దాకే ఉంటాడు. ఐసు కరిగితే మందు పనికిరాదు. ఇదంతా ఆమె కండక్టరు పుష్పాబాయికి చెబుతుంటే విన్నాను. నేను తలుపు దగ్గర పై మెట్టు మీద ఉన్నాను. మంచి చోటు, గాలి తగులుతుంది.

మునగాల వచ్చింది. కింద ఎక్కేవాళ్లు, మెట్ల మీద మేము, మా వెనక సత్తమ్మ.

"సారూ, జర కిందికి దిగు. నేను దిగినంక మల్ల ఎక్కుదువు" అంది.

దిగడమా! దిగినవాడు మళ్లీ ఎక్కగలడని ఏ సిద్ధాంతం చెప్పింది? రాడ్డు గట్టిగా పట్టుకుని ఆమెకు బారోఫోరెసిస్ గురించి వివరించాను. "నువ్వేం కష్టపడకమ్మా, ఒత్తిడే నిన్ను దింపుతది" అని ధైర్యం కూడా చెప్పాను.

"దిగేటోళ్లను దిగనియ్యుండ్రి!" అని పుష్పాబాయి అరుస్తూనే ఉంది. అంతలో కింది నుంచి ఒక్క తోపు. సిద్ధాంతం అద్భుతంగా పనిచేసింది! సత్తమ్మ, ఆమె ఫ్లాస్కు వెనక సీటు దాకా వెళ్లిపోయారు. బస్సు కదిలింది. విజిల్ వేద్దామన్నా పుష్పాబాయికి చెయ్యి పైకి లేవలేదు.

కోదాడలో దిగాక సత్తమ్మ ఫ్లాస్కు మూత తీసి చూసింది. ఐసంతా నీళ్లయింది. నన్ను తిట్టలేదు.

"గా పేరు నాకెందుకు సారూ? నువ్వొక్క మెట్టు దిగితే అయిపోతుండె" అని, తిరుగు బస్సు కోసం వెళ్లిపోయింది.

నిన్న మెట్టు మీది నుంచి చూస్తే మునగాలలో మళ్లీ కనిపించింది, బస్సు కోసం నిలబడి. పలకరించకుండా ఉండలేకపోయాను.

"గొర్లెట్లున్నయమ్మా?"

"పదకొండు పోయినయి సారు."

కణమన్నాక బాధ్యత ఉండదు కదా! అయినా సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను. గబగబా కిందికి దిగి దారిచ్చాను. ఆమె ఎక్కింది. ఆమె వెనకే ఇంకో పదిహేను మంది ఎక్కారు. బస్సు నన్ను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

తర్వాతి బస్సు ఇంకో గంటంబావుకట! మూడు బస్సుల జనానికి ఒక్క బస్సు వేస్తే ఒత్తిడి కాక ఏముంటుందని రోడ్డు పక్కన నిలబడి కాసేపు అందరినీ తిట్టుకున్నాను. తిట్టడం అయిపోయాక కూడా ఇంకా గంట మిగిలింది.

జేబులోంచి ఆ కాగితం తీసి, "తన ప్రమేయం లేకుండానే" అన్న ముక్క కొట్టేశాను.