ఆసక్తి గలవారి జాబితా

శనివారం ఉదయం తొమ్మిదికల్లా మూడు ఎర్ర బెలూన్లను సరిగ్గా నలభై ఎనిమిది అడుగుల ఎత్తున నిలబెట్టాలి, పన్నెండు దాకా ఊరి జనం చేత సంతకాలు పెట్టించాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి టమాటా మొక్కలకు నీళ్ళు పోయాలి. మ్యూరియెల్ టాలండ్ వేసుకున్న పథకం ఇంతే. ముప్పై ఏళ్ళు జామెట్రీ చెప్పి, పిల్లల్ని హడలగొట్టి రిటైరైన మనిషి కాబట్టి ఆవిడ పథకాల్లో కొలతలు ఎప్పుడూ తప్పవు. తప్పేవన్నీ మిగతావే.

గొడవంతా ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం గురించి. క్విన్స్ వీధిలో పాత బౌలింగ్ శాల కూల్చేశాక అక్కడ పిచ్చిమొక్కలు మొలిచి ఆరేళ్ళయింది. ఆ మొక్కల మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఈ వసంతంలో ఫెరాంటే అనే కాంట్రాక్టరు అక్కడ నాలుగంతస్తుల్లో ముప్పై రెండు ఇళ్ళు కడతానని నోటీసు పాతేసరికి మాత్రం వీధంతా ఒక్కసారిగా ఆ మొక్కల్ని ప్రేమించడం మొదలుపెట్టింది. ఒకరు కార్లు పెరుగుతాయన్నారు, ఒకరు పిచ్చుకలు పోతాయన్నారు. మ్యూరియెల్ బాధ మాత్రం నిజమైనది. ఇంటి ముందు అద్దాల వసారాలో పొద్దున ఆరున్నర నుంచి పది దాకా ఎండ పడుతుంది. నలభై ఒక్క సంవత్సరాలుగా ఆవిడ, భర్త యాన్సెల్ ఆ ఎండలో కూర్చునే కాఫీ తాగుతున్నారు. ఆ నాలుగో అంతస్తు లేస్తే తొమ్మిదింబావు దాకా వసారా చీకటి. నీడ ఎక్కడిదాకా వస్తుందో ఆవిడ సుద్దముక్కతో నేల మీద గీత గీసి మరీ పెట్టుకుంది.

యాన్సెల్‌కు ఇంకో బాధ ఉంది. ముప్పై నాలుగేళ్ళు ఆ ఊళ్ళో ఇంటింటికీ ఉత్తరాలు మోసిన పోస్ట్‌మ్యాన్ ఆయన. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పడకగది మేడ మీద, మధ్యలో పదమూడు మెట్లు. జనవరి నుంచి ఆయన కింద సోఫా మీదే పడుకుంటున్నాడు. ఎందుకని భార్య అడిగితే బేస్‌బాల్ ఆటలు బాగా పొద్దుపోయాక అయిపోతున్నాయని చెప్పాడు. జనవరిలో బేస్‌బాల్ ఉండదని ఆటల జోలికి పోని ఆవిడకు తెలియదు. తెలిసిన వీధివాళ్ళు ఆవిడతో ఆ మాట అనలేదు. ఇల్లంటే ఆవిడకు ప్రాణమని, ఇల్లు వదలమన్నవాడు తిట్లు తినకుండా తిరిగి వెళ్ళడని అందరికీ తెలుసు.

ఆ ప్రాంతంలో కొత్త కట్టడం ఎంత ఎత్తు లేస్తుందో జనానికి చూపించాలంటే అంత ఎత్తున బెలూన్లు ఎగరేయడం అలవాటు. బొమ్మలో చూస్తే ఏ భవనమైనా ముద్దుగానే ఉంటుంది, ఆకాశంలో చూస్తేనే గుండె జారుతుంది. కానీ అది జూన్ నెల, బడులు ముగిసి పిల్లలకు పట్టాలిచ్చే రోజులు. దుకాణంలో ఎర్ర బెలూన్లు అయిపోయి బంగారు రంగువే మిగిలాయి, వాటి మీద ఇంతింత అక్షరాలతో 'అభినందనలు' అని ఉంది. నలభై ఎనిమిది అడుగుల పైన రాత ఎవడు చదువుతాడని మ్యూరియెల్ వాటినే తెచ్చింది. చూపు మందగించిన వాళ్ళు తప్ప అందరూ చదివారు.

రెండో పొరపాటు లాయరు థాడియస్ క్రూ గారిది. వీధి సంఘానికి మ్యూరియెల్ అధ్యక్షురాలైతే, ఆయనే చట్టం. సంతకాల కాగితం పైన 'ఈ భవనం మాకొద్దు' అని రాస్తానని మ్యూరియెల్ అంటే ఆయన వినలేదు. అలా రాస్తే ప్లానింగ్ బోర్డు ముందు మొరటుగా ఉంటుందట, 'ఆసక్తి గలవారు' అని రాయాలట. ఆసక్తి గలవాడంటే కోర్టు భాషలో ఆ కట్టడం వల్ల ఏదో ఒకటి పోగొట్టుకునేవాడు. మామూలు మనుషుల భాషలో దానికి వేరే అర్థం ఉందని నలభై ఏళ్ళ ప్రాక్టీసులో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. కింద గళ్ళు కూడా ఆయనే గీశాడు: పేరు, చిరునామా, ఇంట్లో ఎంతమంది, అభిప్రాయం, సంతకం.

తొమ్మిదింటికి మ్యూరియెల్, థాడియస్ ఖాళీ స్థలం నడిమధ్యకు వెళ్ళి బెలూన్లు వదిలారు. గాలి గట్టిగా ఉంది. ఆవిడ తాళ్ళు పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే, ఆయన కోణమానిని కంటికి ఆనించుకుని ఎత్తు సరిచూస్తూ ఫొటోలు తీస్తున్నాడు. సంతకాల బల్ల కంచె బయట, కాలిబాట మీద. అక్కడ పక్కింటి బెర్నీస్ ఒక్కతే కూర్చుంది. బెర్నీస్ ఉత్త చేతులతో కూర్చునే మనిషి కాదు కాబట్టి పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ, రెండు పళ్ళేల నిండా నిమ్మకాయ కేకు ముక్కలు తెచ్చి పెట్టింది.

మొదట వచ్చింది ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒక నర్సు. పైన బంగారు బెలూన్లు, కింద కాఫీ, కేకు, బల్ల మీద జాబితా. ఆగి చూసింది.

"ఇది ఆ కొత్త ఇళ్ళ గురించేనాండీ?"

"ఆ ఇళ్ళ గురించే తల్లీ," అంది బెర్నీస్.

"పేరు రాస్తే సరిపోతుందా? ఇంకేమన్నా కాగితాలు కావాలా?"

"పేరు రాస్తే చాలు. మంగళవారం బోర్డులో తేలుస్తారు. కేకు తీసుకో."

ఈ మాటల్లో ఒక్క అబద్ధం లేదు. నర్సు పేరు రాసి, కేకు తిని, ఆసుపత్రిలో తన వార్డుకు ఫోన్ చేసింది. ఊళ్ళో అద్దె ఇల్లు దొరక్క గంటన్నర దూరం నుంచి వచ్చి పోతున్న వాళ్ళు ఆ వార్డులోనే పదకొండు మంది. వాళ్ళలో ఒకామె ఊరి వాట్సాప్ గుంపులో పెట్టింది. పది కొట్టేసరికి స్కూలు బస్సు డ్రైవర్లు, బేకరీ వాళ్ళు, అగ్నిమాపక కేంద్రం వాళ్ళు, కొత్తగా పెళ్ళయిన ఇద్దరు, విడాకులు తీసుకున్న ముగ్గురు బారులు తీరారు. వరస వీధి మలుపు దాటింది. బెర్నీస్ అందరికీ పెన్ను అందించింది, కేకు అందించింది, రాసింది మాత్రం చదవలేదు. పరాయివాళ్ళ రాత చదవడం మర్యాద కాదని ఆవిడ పెంపకం.

కంచె పైనుంచి మ్యూరియెల్‌కు తలలు మాత్రమే కనిపించాయి. నూటికి పైగా తలలు. ఊరు ఇంతగా మండిపడుతోందని తనకే తెలియదని ఆవిడకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. వరస ఇంకా పొడుగ్గా కనబడితే ఫొటోకు బాగుంటుందని, ఇంటి ముందు కూర్చున్న మొగుడికి ఫోన్ చేసి, వెళ్ళి చివర నిలబడి సంతకం పెట్టమంది. యాన్సెల్ ఎదురు చెప్పే మనిషి కాదు. ముప్పావుగంట ఆ అరిగిన మోకాళ్ళతోనే నిలబడి, ముందువాళ్ళ కబుర్లన్నీ వింటూ బల్ల దాకా వచ్చాడు. కాగితం పైన 'ఆసక్తి గలవారు' అని చదివాడు. ఆసక్తి ఉందా అని ఆయన్ని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కాసేపు ఆలోచించి, నిజాయితీగా రాసి, కేకు తీసుకుని వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఫెరాంటే తన ట్రక్కులో అటుగా వచ్చాడు. ఆ వరస చూసేసరికి ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతమంది పగబట్టాక బోర్డు ఎలా ఒప్పుకుంటుందని ట్రక్కు ఆపకుండానే పోయి, మధ్యాహ్నం థాడియస్‌కు ఫోన్ చేశాడు. ఒక అంతస్తు తగ్గిస్తాను, మూడే వేస్తాను, దయచేసి ఊరుకోండి అన్నాడు. అప్పటికే థాడియస్ జాబితాను చదవకుండానే కవరులో పెట్టి, లక్క సీలు వేసి, మీద సంతకం చేసి టౌన్ హాలు పెట్టెలో పడేశాడు. తెరిచిన కాగితాన్ని ఎవడైనా దిద్దవచ్చు, సీలు వేసినదాన్ని దేవుడు కూడా ముట్టుకోలేడన్నది ఆయన సిద్ధాంతం.

ఆ సాయంత్రం క్విన్స్ వీధిలో విజయోత్సవం. మూడంతస్తులే అయితే వసారాకు ఏడున్నరకల్లా ఎండ వస్తుంది, ఆవిడ లెక్క వేసి చూసింది. బెర్నీస్ పుల్లటి కాడల ముక్కలు కూరిన తీపి రొట్టె కాల్చి తెచ్చింది. థాడియస్ గ్లాసు ఎత్తి, మూడంతస్తులకు లిఫ్టు గిట్టదు కాబట్టి అదీ తీసేస్తున్నారని, ఆ మోత కూడా వీధికి తప్పిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యాన్సెల్ తన రొట్టెముక్క ముట్టుకోలేదు. గుండెల్లో మంటేమోనని మ్యూరియెల్ సోడా ఇచ్చింది.

మంగళవారం సాయంత్రం టౌన్ హాలు కిక్కిరిసింది. వెనక వరసల్లో ఎవరో నర్సులు, బస్సు డ్రైవర్లు కూర్చోవడం చూసి, సంఘీభావమంటే ఇదని మ్యూరియెల్ మురిసింది. ఆవిడ చేతిలో తొమ్మిది పేజీల ప్రసంగం ఉంది. ఒక్కొక్కరికి రెండే నిమిషాలు కాబట్టి గబగబా చదవడం అద్దం ముందు అభ్యాసం చేసి మరీ వచ్చింది. బోర్డు అధ్యక్షురాలు ఒడెట్ లషాన్స్ సీలు పగలగొట్టి, నూట అరవై మూడు పేర్లున్నాయని ప్రకటించింది. హాలు చప్పట్లతో మోగింది. ఈ ఊరి చరిత్రలో ఇంత పెద్ద అర్జీ రాలేదు కాబట్టి అభిప్రాయాలు చదివి వినిపిస్తానంది.

"ఒకటో నంబరు. ఇంట్లో ముగ్గురు. అభిప్రాయం: రెండు గదులు చాలు, పెద్దాడు హాల్లో పడుకుంటాడు. రెండో నంబరు. ఇంట్లో ఒక్కరు. పిల్లిని ఉంచుకోనిస్తారా? మూడో నంబరు. ఎప్పటికి రెడీ అవుతాయి, త్వరగా కట్టండి బాబూ."

ఏడో నంబరు దగ్గర థాడియస్ లేచి, ఈ అర్జీ మీద తనకు తీవ్రమైన అభ్యంతరం ఉందన్నాడు.

"అర్జీ మీదే కదండీ లాయరు గారూ," అంది ఒడెట్.

"ఎవరో కాగితాలు మార్చేశారు మేడమ్."

"సీలు కూడా మీదే. దాని మీద సంతకమూ మీదే. కూర్చోండి."

ఫెరాంటే నోరు తెరుచుకుని వింటున్నాడు. మ్యూరియెల్ బెర్నీస్ వైపు చూసింది. బెర్నీస్ కేకు బాగుందని ఎవరైనా రాశారేమోనని శ్రద్ధగా వింటోంది. ఒడెట్ చదువుతూనే ఉంది. నూట నలభై ఒకటి దాకా వచ్చి ఆగి, కళ్ళజోడు సర్దుకుంది. ఆ ఊళ్ళో ఆమె చిన్నప్పటి నుంచి వాళ్ళింటికి ఉత్తరాలు తెచ్చిన మనిషి చేతిరాత అది.

"నూట నలభై ఒకటి. క్విన్స్ వీధి, పద్నాలుగు. ఇంట్లో ఇద్దరు. అభిప్రాయం..." ఆమె గొంతు తగ్గింది కానీ మైకు తగ్గలేదు. "లిఫ్టు ఉంటే ఏ అంతస్తయినా సరే. మోకాళ్ళు పోయాయి. మా ఆవిడకి చెప్పకండి."

హాలు హాలంతా మ్యూరియెల్ వైపు తిరిగింది. యాన్సెల్ ఒక్కడే తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"ఎప్పట్నించి?" అని అడిగింది ఆవిడ, మెల్లగా.

"రెండేళ్ళు అవుతుందేమో."

"మరి ఆ బేస్‌బాల్?"

"ఏప్రిల్ నుంచి నిజంగానే చూస్తున్నా మ్యూరియెల్. జనవరిలో మాత్రం లేదు."

తర్వాత వంతు ఆవిడదే. రెండు నిమిషాలు అని గుమాస్తా గడియారం నొక్కాడు. మ్యూరియెల్ మైకు ముందుకు వెళ్ళి తొమ్మిది పేజీలూ తిరగేసింది. ఆవిడకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు హాల్లో ఉన్నవాళ్ళను చూసి కాదు. నీడ ఎన్ని అంగుళాలు జరుగుతుందో రోజూ కొలిచిన మనిషి, పక్కనున్నవాడు పదమూడు మెట్లు ఎక్కలేకపోతున్నాడని చూసుకోలేదు.

"ఈ పేజీలన్నీ ఎండ గురించే రాశాను," అంది. "ఒక్కదాన్లోనూ మా ఆయన లేడు. అంచేత ఇవి చదవను. ఫెరాంటే గారూ, లిఫ్టు సంగతి చెప్పండి."

ఫెరాంటే బిక్కచచ్చి లేచాడు. "లేదండీ. మీ సంఘం కోసమే తీసేశాను. నాలుగో అంతస్తు ఉంటేనే లిఫ్టు గిట్టుబాటవుతుంది."

"అయితే నాలుగు వెయ్యండి."

"మీరేగా మూడుకు ఒప్పుకున్నారు."

"తప్పుగా ఒప్పుకున్నాను. నాలుగు వెయ్యండి. ఆ నాలుగో అంతస్తులో తూర్పు మూల ఇల్లు ఎవరికీ మాటివ్వకండి. అక్కడికి ఆరింటికే ఎండ వస్తుంది, నేను లెక్క కట్టాను."

వెనక వరసలు లేచి చప్పట్లు కొట్టాయి. క్విన్స్ వీధి సంఘం ఎవరి వైపు ఉండాలో తెలియక తన అధ్యక్షురాలి వైపే చూస్తూ కూర్చుంది. బోర్డు ఐదుకు ఐదు ఓట్లతో నాలుగంతస్తులూ లిఫ్టూ ఆమోదించి, ఇంత క్రమశిక్షణతో మద్దతు కూడగట్టినందుకు సంఘానికి కృతజ్ఞతలు రికార్డు చేసింది. ఫెరాంటే మ్యూరియెల్ చేతులు రెండూ పట్టుకుని, జీవితంలో తన కోసం ఇంత కష్టపడినవాళ్ళు లేరన్నాడు.

టౌన్ హాలు ముందు పదకొండు రాతిమెట్లు ఉన్నాయి. మ్యూరియెల్ ఎన్నో ఏళ్ళుగా అవి టకటకా దిగి, కింద నిలబడి, యాన్సెల్ ఎందుకు ఆలస్యం చేస్తాడో అని విసుక్కునేది. ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని దిగింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఇంకో మెట్టు. మధ్యలో థాడియస్ వెనక నుంచి వచ్చి, దారి లేక వాళ్ళ వెనకే నిలబడ్డాడు.

"వాలుదారి ఏదీ లేదా ఇక్కడ?" అంది ఆవిడ.

"ఉంది. వెనకవైపు, చెత్తడబ్బాల పక్కన. ఇంటికెళదాం మ్యూరియెల్."

"ముప్పై నాలుగేళ్ళు ఈ గుమ్మంలోకి ఉత్తరాలు తెచ్చినవాడు చెత్తడబ్బాల పక్కనుంచి రావాలా? ముందు వైపు కట్టమని రేపు పొద్దున్నే అర్జీ పెడతాను."

అన్నట్టే మర్నాడు పదింటికి ఆవిడ అర్జీ టౌన్ హాలుకు అందింది. పురాతనమైన రాతిమెట్ల అందం పాడవుతుందని థాడియస్ పెట్టిన అభ్యంతరం తొమ్మిదిన్నరకే అందింది.