నోరు తెరవని మృగరాజు

"మాకు ఆవులింత కావాలయ్యా," అన్నారు ఫోనులో జూ డైరెక్టరు గారు.

"ఆవులెంత కావాలి సార్? ఒకటా, మందా?" అన్నాడు జూమయ్య, నోటినిండా పేస్టు నురగతో.

"ఆవులు కాదయ్యా, ఆవులింత! సింహం ఆవులింత! గేటు మీద బోర్డుకి. కోరలన్నీ కనబడాలి. మధ్యాహ్నంలోగా ఫోటో నాకు చూపించాలి. నచ్చిందా, ఇకమీదట జూ ఫోటోలన్నీ నీవే."

జూమయ్య అసలు పేరు భార్యకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. పిల్లి మీసం, చిలుక ముక్కు, కుందేలు కనురెప్ప, ఏదైనా సరే ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి తీస్తాడు గనుక ఆ పేరు. ఇన్నాళ్లూ పెంపుడు జంతువులే అతని పెట్టుబడి. అయితే పిల్లులు పెట్టే పోజుల మీద సంసారం నడవడం లేదు. ఈసారీ కుదరకపోతే వాళ్ల నాన్న స్టూడియోలో చేరాల్సిందేనని భార్య తేల్చి చెప్పేసింది. అక్కడ తీసేవి పాస్‌పోర్టు ఫోటోలే. జీవితాంతం "గడ్డం ఎత్తండి, నవ్వకండి" అంటూ గడపడం తలచుకుంటే జూమయ్యకు ఏడుపొచ్చేది. పక్కనే మామగారి ముఖం కూడా తలచుకుంటే భయానికి ఆ ఏడుపూ ఆగిపోయేది.

జూమయ్యకు తనదైన పద్ధతి ఒకటుంది. జంతువు ఏం చేయాలో చెప్పడు, చేసి చూపిస్తాడు. కుక్క తల వాల్చాలంటే ముందు తను వాలుస్తాడు. చిలుక రెక్కలు విదిలించాలంటే తను భుజాలు విదిలిస్తాడు. కాబట్టి సింహం ఆవులించాలంటే తను ఆవులించాలి. అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. మొదట పెదవుల దాకా, తర్వాత చెవుల దాకా.

"రాత్రంతా గుర్రుపెట్టి పడుకుని ఇప్పుడీ ఆవులింతలేమిటండీ?" అంటూనే భార్య నోరు తెరిచింది. అది మళ్లీ మూతపడడానికి చాలాసేపు పట్టింది. "చూశారా, నాకూ అంటించారు!"

"పనిచేస్తోందోయ్!" అని గంతేసి, జూమయ్య సంచి భుజాన తగిలించుకున్నాడు.

సింహం ఉండే గదికి రెండు వైపులా మందపాటి అద్దం గోడలు. ఒకటి లోపలి వరండాలోకి, ఒకటి బయట పచ్చిక మీదికి. సింహం ముసలిది. పగటిపూట కళ్లు తెరవడం పరువు తక్కువనుకునే రకం. జూమయ్య వరండాలో గొంతుక్కూర్చుని తొలి ఆవులింత విడిచాడు. సింహం తోక కూడా కదలలేదు. పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ కీపరు మాత్రం ఆవులించాడు.

"నువ్వు కాదన్నా!"

"నేనేం చేసేది తమ్ముడూ, దానంతటదే వచ్చె... ఆఁ... హా! అయినా అది కళ్లు మూసుకుంది కదా, నీ ఆవులింత ఎవడు చూడాలి?"

"చెవులు మూసుకోలేదుగా!" అని జూమయ్య శబ్దం పెంచాడు. తలుపు కీచుమన్నట్టు ఒకటి, లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు ఇంకొకటి.

ఆ శబ్దానికి జంతువుల డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది మీ ఇద్దరికీ?" అంది. ఇద్దరినీ చూస్తూ తనూ ఆవులించింది. అంతే, ఆమె ముఖం పాలిపోయింది. కోతి కాలికి కుట్లు వేయడానికి వాడిన మత్తు గ్యాసు సిలిండరు ఆ పక్కగదిలోనే ఉంది.

"గ్యాసు లీకయింది! మత్తు గ్యాసు! బయటికి, అందరూ బయటికి!"

డాక్టరమ్మ ఆవులిస్తూ డైరెక్టరుకు చెప్పింది. డైరెక్టరు ఆవులిస్తూ సైరన్ మోగించమన్నారు. టికెట్ల గుమాస్తా ఆవులిస్తూ మోగించాడు. ఎక్కడికి వెళ్లినా వార్త కన్నా ఆవులింతే ముందు చేరింది. చూడవచ్చినవాళ్లూ, సిబ్బందీ అందరూ పచ్చిక మీద పోగయ్యారు.

"ఎవరెవరికి ఆవులింతలొస్తున్నాయో చేతులెత్తండి!" అంది డాక్టరమ్మ.

ఆ మాటతో, రానివాళ్లకు కూడా వచ్చాయి. చేతులన్నీ లేచాయి, నోళ్లన్నీ తెరుచుకున్నాయి.

జూమయ్యకు మాత్రం సింహం గుర్తొచ్చింది. గ్యాసు నిజమే అయితే లోపల దాని గతేమిటి? పచ్చిక వైపు అద్దం దగ్గరికి పరుగెత్తాడు. సైరన్ గోలకు సింహం ఎప్పుడు లేచిందో లేచింది. ముక్కు అద్దానికి ఆనించి, రెండు కళ్లూ విప్పార్చి, జనాన్ని తేరిపార చూస్తోంది. నోరు మాత్రం గట్టిగా మూసుకుంది. హమ్మయ్య అనుకునేలోగా జూమయ్య వేలు అలవాటుగా కెమెరా మీట నొక్కేసింది.

సరిగ్గా అప్పుడే మెడలో వేలాడుతున్న ఫోను మోగింది. కెమెరా వదల్లేక ముక్కుతో నొక్కితే స్పీకరు అందుకుంది.

"ఏవండీ! సింహం ఆవులించిందా లేదా? మీరు పొద్దున్న అద్దం ముందు ప్రాక్టీసు చేసి అంటించిన ఆవులింతలు నాకింకా వదల్లేదు! పలకరించడానికొచ్చిన పక్కింటి పిన్నిగారికీ పట్టుకున్నాయి!"

పచ్చిక మీద జనమంతా జూమయ్య వైపు తిరిగారు. జూమయ్య తన పద్ధతి మొదటి నుంచీ అందరికీ విప్పి చెప్పాడు.

"గ్యాస్ కొట్టకు!" అన్నారు డైరెక్టరు.

"కొట్టడం లేదు సార్, అసలు గ్యాసే లేదు!"

డాక్టరమ్మ వెళ్లి చూసి వచ్చింది. సిలిండరు బిగించింది బిగించినట్టే ఉంది.

"జూ అంతా ఖాళీ చేయించావు. అడిగిన ఆవులింత మాత్రం తేలేదు. ఇక నువ్వు వెళ్లొచ్చు," అన్నారు డైరెక్టరు.

జూమయ్య కళ్ల ముందు మామగారి స్టూడియో కుర్చీ మెదిలింది. "తీసింది ఇదొక్కటే సార్," అని కెమెరా అందించాడు.

ఫోటో మధ్యలో సింహం, బడిలో అల్లరి పిల్లల్ని చూసే హెడ్మాస్టరులా. దాని చుట్టూ అద్దం మీద పడిన ప్రతిబింబాలు: చేతులెత్తి, అంగిళ్లు కనబడేలా ఆవులిస్తున్న జనం. అందరికన్నా ముందు డైరెక్టరు గారు. కీపరు పకపకా నవ్వాడు. డైరెక్టరు గారు గంభీరంగా ఉందామని చాలా ప్రయత్నించారు గానీ పొట్ట ఊరుకోలేదు.

"ఎవరిని ఎవరు చూడడానికొచ్చారో తెలియడం లేదయ్యా! బోర్డు మీదికి ఇదే. రేపు పులి దగ్గరికి రా. ఇంట్లో ప్రాక్టీసు మాత్రం చెయ్యకు."

ఇంతలో డాక్టరమ్మ ఫోటోను మరింత దగ్గరగా చూసింది. "సార్, మీ కింది వరసలో చివరి పన్ను పుచ్చింది."

"నువ్వు జంతువుల డాక్టరువి కదమ్మా!"

"నోరు ఇంత తెరిస్తే ఎవరిదైనా ఒకటే సార్."

డైరెక్టరు గారు ఆ పన్ను పీకించుకున్నారు. గేటు మీద మాత్రం అది ఇంకా అలాగే ఉంది.