ఎండగోడకు డెఫ్నే సంబంధం

శనివారం పొద్దున్న ముఫీత్ రెండు పనులు తేల్చేద్దామనుకున్నాడు. గడ్డం గీయించుకోవడం ఒకటి, ఇంటి ముందు ఎండగోడకు మొక్క ఖాయం చేయడం రెండోది. మర్నాడే కొడుకు కొరాయ్‌కి జెర్రిన్‌ని అడగడానికి వాళ్లింటికి వెళ్లాలి. కోడలు అడుగుపెట్టబోయే ఇంటికి మొండిగోడ ఏమిటని ఆయన పట్టుదల. టర్కీలో, ఏజియన్ సముద్ర తీరంలో పుట్టి పెరిగినవాడికి మొక్కల సంగతి ఒకరు చెప్పాలా? భార్య రుహ్‌సార్ గన్నేరు కావాలంది. ఆయన మనసు మాత్రం డెఫ్నే మొక్క మీద పడింది. ఏడాది పొడుగునా నిగనిగలాడే ఆకు, తుంచి చేపల పులుసులో వేస్తే కమ్మటి వాసన. ఊళ్లో వీధికొక ఆడపిల్లకు అదే పేరుందన్న సంగతి ఆ పూట ఆయనకు గుర్తు రాలేదు.

వంటింట్లో కొరాయ్ ఉప్పు కాఫీ తాగడం సాధన చేస్తున్నాడు. అక్కడి ఆనవాయితీ ప్రకారం పిల్లనడగడానికి వెళ్తే అమ్మాయి వరుడి కాఫీలో ఉప్పు కలుపుతుంది. కిక్కురుమనకుండా తాగినవాడే ఓర్పుగల అల్లుడు. కొరాయ్ ఇంకా రెండో గుక్క దగ్గరే ఉన్నాడు.

మంగలి ఇద్రిస్ కుర్చీలో కూర్చుని, చెంపల నిండా నురగతో ముఫీత్ నర్సరీవాడికి ఫోన్ చేశాడు.

"ఇంక ఆలోచించేదేం లేదు, డెఫ్నేనే ఖాయం చేశా. నిగనిగలాడుతోంది, ఎండలో నిలబెట్టినా వాడే రకం కాదు. ఇవాళే ఇంటికి తెచ్చేసుకుంటాం. రెండోదా? మా ఆవిడకి నచ్చితే నచ్చనీ. పైకి సోకులే, లోపలంతా విషం. దాన్ని నా గుమ్మం తొక్కనివ్వను."

ఇద్రిస్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ తర్వాత అదే కుర్చీలో కూర్చున్నది జెర్రిన్ తండ్రి సైఫెత్తిన్. ఇద్రిస్ విన్నదంతా చెప్పి, విననిది కూడా కాస్త కలిపాడు.

ముఫీత్ ఇల్లు చేరేసరికి ఫోన్ మోగింది.

"మీ ఇంటికి డెఫ్నే వస్తోందటగా?" అన్నాడు సైఫెత్తిన్.

"అప్పుడే మీదాకా వచ్చిందా? ఆ ఇద్రిస్ నోట్లో నువ్వుగింజ నానదు. నిజమేనండీ. మా కొరాయ్‌కీ తెగ నచ్చింది."

"మరి మా అమ్మాయో?"

"ఆమెకేం తక్కువ? ఇద్దరికీ చోటుంది. దానికి రోజూ నీళ్లు పోసే పని మీ అమ్మాయిదే. చాలకపోతే వచ్చే ఏడు ఇంకో రెండు తెచ్చుకుందాం."

ఫోన్ తెగిపోయింది. సిగ్నల్ బాగాలేదనుకుని ముఫీత్ గొయ్యి తవ్వడానికి వెళ్లాడు. కాసేపటికి జెర్రిన్ దగ్గర్నుంచి కొరాయ్‌కి సందేశం వచ్చింది. "రేపు రావద్దు. ఎప్పుడూ రావద్దు." పొయ్యి మీద కాఫీ గిన్నె అలాగే వదిలేసి వాడు మంచం మీద బోర్లా పడ్డాడు. మూడేళ్ల ప్రేమ ఎందుకు పోయిందో తెలియక ఏడుస్తున్నాడు.

మధ్యాహ్నం సైఫెత్తిన్ గేటు తోసుకుని వచ్చాడు. వియ్యంకుడు కాబోయేవాడు తనంతట తనే వచ్చాడన్న కంగారులో రుహ్‌సార్ పొయ్యి మీదున్న కాఫీ వేడి చేసి తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన కూర్చోలేదు.

"ఎక్కడ ఆ పిల్ల?"

"ఏ పిల్ల?"

"దాచకండి. డెఫ్నే!"

"దాచడమెందుకు, గోడ పక్కన నిలబెట్టాను చూడండి," అన్నాడు ముఫీత్ గర్వంగా. "గన్నేరు తెమ్మని మా ఆవిడ పోరింది. విషపు మొక్క, నేనొప్పుకోలేదు."

సైఫెత్తిన్ మొక్కను చూశాడు, గోడను చూశాడు, మట్టి కొట్టుకుపోయిన ముఫీత్ చేతులు చూశాడు. మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. చేతిలోని కాఫీ ఒక గుక్క తాగాడు. ముఖం ఒక్కసారి మారింది. ఎవరి వంకా చూడకుండా, కిక్కురుమనకుండా, అడుగున మడ్డి తగిలేదాకా తాగి కప్పు పక్కన పెట్టాడు.

"తప్పు నాదే. తగిన కాఫీయే ఇచ్చారు," అన్నాడు. "రేపు రండి. అడగడం మీ మర్యాద. పిల్లనైతే ఇచ్చేశామనుకోండి."

కిటికీలోంచి కొరాయ్ గొంతు సన్నగా వినిపించింది. "అమ్మా, ఆ గిన్నెలో ఉన్నది నా కాఫీ."

రుహ్‌సార్ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఫీత్ మాత్రం డెఫ్నేకి చెంబుడు నీళ్లు పోసి, భార్య వైపు తిరిగాడు.

"చూశావా, అది అడుగుపెట్టిన వేళ మంచిది."