చీపురుకట్టలో నాలుగు కిటికీలు

ఆ రోజు తాతాజీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి వడ్రంగి ముసలయ్య వచ్చి పడమటి వైపు నాలుగు కిటికీలకు కొలతలు తీస్తాడు. తొమ్మిదింటి బస్సులో తను పాలకొల్లు వెళ్ళి కొత్త కిటికీలకు ఆర్డరిస్తాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి మామిడికాయ పప్పుతో భోంచేసి పడుకుంటాడు. వీటిలో ఏ చిక్కూ లేకుండా జరిగింది భోజనం ఒక్కటే, అదీ సాయంత్రం నాలుగింటికి.

వాళ్ళ ఊరు నరసాపురం దాటాక, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంది. ఆ గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలేవి. వేపచెక్క రెక్కలు వానాకాలం ఉబ్బిపోయి మూసుకునేవి కావు. కిందటేడు ఒక జల్లుకి ఆ తుప్పునీళ్ళు కారి, తాతాజీ భార్య పాపాయి అల్లిన లేసు టేబుల్ గుడ్డ మీద పడ్డాయి. మూడు నెలల పని. లేసు ఏజెంటు ఏసురాజు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, మరక కనిపించగానే మళ్ళీ మడతపెట్టి ఇచ్చేశాడు. పాపాయి మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే తాతాజీ ఈపాటికి మరిచిపోయేవాడే, తిట్టకపోవడం వల్ల ఏడాదిగా ఆ మరక అతని గుండెలోనే ఉండిపోయింది. ఈ ఏడు ఆమె ఏకంగా డబుల్ కాట్ దుప్పటి అల్లుతోంది. అది తడవకూడదు. అందుకే వానలు పడేలోపు కిటికీలు మారతాయని మాటిచ్చాడు.

మాటిచ్చాక మూడు వారాలు ఊరంతా తిరిగి సలహాలడిగాడు. చెక్క కిటికీలున్నవాళ్ళు ఇనపవి పెట్టమన్నారు. ఇనపవి ఉన్నవాళ్ళు అల్యూమినియం అన్నారు. అల్యూమినియం పెట్టించుకున్న ఒకే ఒక్కాయన తాతాజీని చాటుకి తీసుకెళ్ళి చెక్కే మంచిదన్నాడు. ఏది పెడితే ఇంక జన్మలో దాని జోలికి వెళ్ళక్కర్లేదో అది మాత్రం ఒక్కరూ చెప్పలేదు. తాతాజీకి బుర్ర తిరిగిపోయింది.

ముసలయ్య ఏడింటికే వచ్చాడు. వచ్చి, అరుగు మీద కొత్త చీపురు కోసం చీరిపెట్టిన కొబ్బరి ఈనెల్లోంచి పొడుగాటివి ఎనిమిది ఏరుకున్నాడు.

"టేపు తేలేదా ముసలయ్యా?" అన్నాడు తాతాజీ.

"టేపు మీద అంకెలుంటాయండి. చదివేటప్పుడు ఒకటి, రాసేటప్పుడు ఇంకోటి అవుద్దండి. ఈనెకి ఆ గొడవ లేదండి."

కిటికీకి రెండు ఈనెల చొప్పున, పొడుగుకొకటి, వెడల్పుకొకటి, సరిగ్గా విరిచాడు. ఏ కిటికీదో తెలియడానికి సన్నటి కొసన ఒకటి, రెండు, మూడు, నాలుగు గాట్లు పెట్టాడు. ఎనిమిదింటినీ అరటినారతో కట్టి, ఎక్కడ తీశాడో ఆ ఈనెల పక్కనే పెట్టి, వేరే పనుందని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

తాతాజీ లోపలికెళ్ళి పంచె మార్చుకుని వచ్చేసరికి అరుగు శుభ్రంగా ఉంది. కట్ట లేదు, ఈనెలూ లేవు. పనిమనిషి వీరవేణి సరికొత్త చీపురుతో వాకిలి ఊడుస్తోంది.

"ఇక్కడ చిన్న కట్ట ఉండాలి, ఏమైంది?"

"అన్నీ కలిపి కట్టేశానండి. నెల్రోజుల్నుంచి అమ్మగారిని అడుగుతున్నానండి, ఇన్నాళ్ళకి చీరిపెట్టారండి."

ముసలయ్యకు సెల్‌ఫోను ఉంది, కానీ అది ఎప్పుడూ ఇంట్లో ఛార్జింగులోనే ఉంటుంది. మలుపులో బస్సు హారన్ వినపడింది. ఈనెలు ఏరే వ్యవధి లేదు. తాతాజీ వీరవేణి చేతిలోంచి చీపురు లాక్కుని పరుగెత్తాడు. గుమ్మంలో నిలబడి దుప్పటి చివరి అంచు అల్లుతున్న పాపాయి, చీపురు పట్టుకుని బస్సెక్కుతున్న మొగుణ్ణి చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది.

బస్సులో పక్క సీటాయన కాసేపు ఓర్చుకుని అడిగాడు. "చీపురు పట్టుకుని ఎక్కడికండి?"

"కిటికీలు కొనడానికండి."

"మంచిదండి," అని ఆయన తరువాతి స్టాపులో వెనక సీటుకి మారాడు.

పాలకొల్లులో గణేష్‌బాబు కిటికీల షాపు ఏసీది. కొలతలు తెచ్చారా అని అతను అడగ్గానే, తాతాజీ చీపురుని అద్దాల బల్ల మీద పెట్టాడు. గణేష్‌బాబు చీపురు వంక చూశాడు, తాతాజీ వంక చూశాడు. వచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఆ ప్రాంతంలో ఎవరి వల్లా కాదు.

"కాఫీ తాగుతారాండి, టీ తాగుతారాండి?" అన్నాడు.

కాఫీ వచ్చేలోగా కిటికీలు చూపించాడు. టేకు దివ్యంగా ఉంటుంది కానీ ఏటేటా వార్నిష్ అడుగుతుంది. అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టదు కానీ ఉప్పుగాలికి తెల్లగా పొడి లేస్తుంది, తరచూ తుడుచుకోవాలి. చివరికి పాలరాయిలా మెరుస్తున్న తెల్ల కిటికీ దగ్గర ఆగాడు.

"ఇది యూపీవీసీ అండి. గట్టి ప్లాస్టిక్ అనుకోండి. తుప్పు పట్టదు, ఉబ్బదు, చెద తినదు, రంగు అక్కర్లేదండి."

"మరి ఏం చెయ్యాలండి దీనికి?"

"ఏం చెయ్యక్కర్లేదండి."

తాతాజీకి అనుమానమొచ్చింది. "అసలేమీ చెయ్యక్కర్లేకపోవడమేంటండి?"

గణేష్‌బాబు ఆలోచించాడు. "కింద పట్టీలో ఇసక చేరితే మాత్రం, ఓ చీపురుపుల్లతో గీకాలండి."

ఇద్దరూ బల్ల మీదున్న చీపురు వంక చూశారు. తాతాజీకి ఎందుకో ఇది శుభసూచకంలా అనిపించింది. అవే ఖాయం చేశాడు. మనిషిని పంపి ఇంటి దగ్గర కొలిపిస్తానని, వారం పడుతుందని గణేష్‌బాబు అన్నాడు కానీ, వానలు వారం ఆగుతాయని తాతాజీకి నమ్మకం లేదు. చీపురు విప్పారు. షాపులో ఉన్న నలుగురూ నేల మీద కూర్చుని రెండు వందల ఈనెల కొసలు వెతికారు. గాట్లున్నవి సరిగ్గా ఎనిమిది దొరికాయి. తాతాజీ కళ్ళు చెమర్చాయి. గణేష్‌బాబు వాటిని టేపుతో కొలిచి రాసుకుని, ఎనిమిదింటితో సహా చీపురు మళ్ళీ కట్టించి, కవర్లో పెట్టి మర్యాదగా ఇచ్చాడు.

"దుప్పటి ఎంతవరకొచ్చింది?" అని ఆ మర్నాడు తాతాజీ భార్యనడిగాడు.

"అయిపోయిందండి. ఇంక దాని గురించి బెంగ లేదు," అంది పాపాయి.

పదకొండో రోజు వ్యాన్ వస్తుందని కబురొచ్చింది. ముసలయ్య తెల్లారగట్లే వచ్చి, ఉత్సాహం కొద్దీ నాలుగు పాత కిటికీలూ చౌకట్లతో సహా పీకేశాడు. వ్యాన్ పదింటికి వచ్చింది. పడమట మబ్బు కూడా పదింటికే వచ్చింది. ముసలయ్య మొదటి కిటికీని బయటినుంచి గోడలోకి ఎత్తాడు. అది గోడలో ఆగకుండా, లోపలున్న తాతాజీ చేతుల్లోకి వచ్చేసింది. తాతాజీ తిరిగి అందించాడు. మళ్ళీ వచ్చింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఒక్కో కిటికీ పొడుగులో బెత్తెడు, వెడల్పులో బెత్తెడు తక్కువ.

"నా ఈనెలు అబద్ధం చెప్పవండి," అన్నాడు ముసలయ్య.

వాకిలి ఊడుస్తున్న వీరవేణి ఆగింది. "ఆ చీపురు ఈనెలేనాండి? మొదళ్ళు చేతికి గుచ్చుకుంటున్నాయని కత్తిపీటతో బెత్తెడు కోసేశానండి. ఏ చీపురుకైనా కోస్తాం కదండి."

అంతలో వాన మొదలైంది. నాలుగు కంతల్లోంచి జల్లు నేరుగా గదిలోకి కొట్టింది. తాతాజీకి ఒక్కసారిగా దుప్పటి గుర్తొచ్చింది. ఆరు నెలల పని! ధాన్యం రాశి మీద కప్పే బరకం తెచ్చి పాపాయి లేసు దాచే ట్రంకుపెట్టె మీద కప్పాడు. చాలదనిపించి, గొడుగు వేసుకుని తనే పెట్టె మీద కూర్చున్నాడు. గంటసేపు అలాగే ఉన్నాడు. వీపంతా తడిసి వణుకుతున్నా, భార్య మొహం మళ్ళీ అలా మౌనంగా మారడం చూడలేననుకుని కదల్లేదు.

వాన వెలిశాక పాపాయి వంటింట్లోంచి వచ్చింది.

"లేవండి, జలుబు చేస్తుంది. దేన్ని కాస్తున్నారు?"

"నీ దుప్పటి. చుక్క పడలేదు, చూసుకో."

పాపాయి పెట్టె తెరిచింది. అందులో కిందటేడు తుప్పుమరక పడ్డ టేబుల్ గుడ్డ ఒక్కటే ఉంది, పొడిగా.

"దుప్పటి ఏసురాజుకిచ్చి పది రోజులైందండి. మీరు చీపురు పట్టుకుని బస్సెక్కారే, ఆ సాయంత్రమే అంచు ముగించి పంపేశాను."

తాతాజీకి ముందు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే మనసు చివుక్కుమంది. "అంటే నా మీద నమ్మకం లేదన్నమాట."

"మీ మీద ఉందండి. చీపురు మీదే లేదు," అంది పాపాయి. గొడుగు తీసుకుని, పైటకొంగుతో అతని తల తుడిచింది.

ముసలయ్య గుమ్మంలోకొచ్చి నసిగాడు. "నా దగ్గర పాత టేకు చెక్క కొంచెం ఉందండి. కిటికీల చుట్టూ అర బెత్తెడు బద్దలు కడితే సరిపోద్దండి. ఏడాదికోసారి వార్నిష్ వేసుకుంటే చాలండి."

జన్మలో జోలికి వెళ్ళక్కర్లేని కిటికీలకు ఏటేటా వార్నిష్. తాతాజీ తలూపాడు, ఇంకేం చేస్తాడు. పాపాయి అలమరలోంచి, లేసు డబ్బులతో కొనుంచిన కొత్త స్టీలు టేపు తెచ్చి ముసలయ్య చేతిలో పెట్టింది.

ముసలయ్య దాన్ని రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అరుగు మీదికెళ్ళి దాంతో ముందుగా ఒక ఈనెను కొలిచాడు.