సంచి ఖాళీగా రాలేదు

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి రామచంద్ర గారు బెంగళూరు నుంచి ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు కొని తెచ్చినారని పురప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇంటింటా టెలిఫోను కూడా లేని రోజులవి. ఎక్కడికైనా మోసుకుపోవచ్చని అమ్మినవాడు చెప్పాడు కనుక, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. అది సరస్వతి గనుక ఒళ్ళో పెట్టుకోవడం అపచారమని కూడా తీర్మానించారు. పట్టుచీరల మధ్య, కలరా ఉండల వాసనలో, యంత్రం క్షేమంగా ఉంది.

ఆ ఇంటి కోడలు శైలజ పెళ్ళికి ముందు హిందూపురంలో కంప్యూటరు కోర్సు చదివింది. పెనుకొండలో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు టీచరు ఉద్యోగానికి సోమవారం వచ్చి పాఠం చెప్పి చూపించమన్నారు.

"మామా, ఒక్కసారి తీసిస్తే చెయ్యి తిప్పుకుంటా. మరిచిపోయినట్లుండాది."

"మంచిరోజు చూసి తీస్తాం లేమ్మా," అన్నారు రామచంద్ర గారు.

మంచిరోజు కంటే ముందు ఎదురింటి చౌడక్క వచ్చింది. శైలజ అత్తగారైన సీతాదేవిని పట్టుకుంది.

"సీతక్కా, మావోనికి కనగానపల్లిలో పిల్లను చూసేకి పోతాండాం. ఆ పెట్టె ఒక్క పూట ఇయ్యి. భుజాన ఏసుకుంటే ఆఫీసరు మాదిరి కనపడతాడు."

చంద్రహారాలూ వెండిపళ్ళేలూ ఇచ్చిపుచ్చుకునే వీధిలో ఇది వింత కాదు. ఇచ్చారు. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. అబ్బాయి ఏం పని చేస్తాడని ఆడపిల్లవాళ్ళు అడగనే లేదు. అరువు తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వరాదు కనుక, చౌడక్క కంప్యూటరు సంచిలో బొరుగులూ బెల్లమూ పోసి పంపింది.

కీర్తి పాకింది. చెన్నేకొత్తపల్లి దాకా వెళ్ళిన సంచి టెంకాయతోనూ రవికె గుడ్డతోనూ తిరిగొచ్చింది. వైరు పెట్టుకునే అర నువ్వుల ఉండలకు సరిగ్గా సరిపోతుందని కూడా తెలిసింది. అడ్డంగా ఉన్న వైరును సీతాదేవి తీసి భద్రపరిచింది. ఎక్కడ భద్రపరిచిందో ఆమెకు గుర్తు లేదు.

"సోమవారం దగ్గరికొచ్చె మామా," అంది శైలజ.

"నీ ఉద్యోగం నీ ఒక్కదానికేనమ్మా. ఆ పెట్టె బయటికి పోతే నాలుగిండ్లలో దీపం వెలుగుతుంది," అన్నారాయన, వీధివారందరి తరఫున.

సోమవారం పొద్దున, పెళ్ళిచూపులకని తీసుకుపోయిన వీధి చివరి గోవిందప్ప ఇంటి నుంచి తిరిగొచ్చిన సంచిని, వచ్చింది వచ్చినట్టే భుజాన వేసుకుని శైలజ పెనుకొండ బస్సెక్కింది. స్కూల్లో కరస్పాండెంటు గారి ముందు తెరిచింది. చిత్రాన్నం వాసన వచ్చింది. తెర మాత్రం వెలగలేదు.

"వైరు ఇంట్లో ఉండిపోయింది సార్."

"వైరెందుకమ్మా? ఇది మీ సొంతమేనా? రోజూ తెస్తారా?"

"తెస్తాను సార్."

"అయితే రేపట్నించే చేరిపోండి."

ఆ రోజు సంచిలో ఉద్యోగం వచ్చింది. వీధిలో పెళ్ళిచూపులన్నీ ఆదివారానికి మారాయి. స్కూల్లో దానికొక అద్దాల గది కట్టారు. మనమందరం మన పిల్లల్నీ ఆ స్కూల్లోనే చేర్పించి, కంప్యూటరు ఫీజు కట్టి, గది బయట చెప్పులు విడిచి, నల్లటి తెరను చూసి కళ్ళకద్దుకుని వచ్చాం.

అంతా సవ్యంగా సాగుతుండగా, శైలజకు కందిపప్పు డబ్బా అడుగున వైరు దొరికింది. మర్నాడే ఆమె తెర వెలిగించి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత వాళ్ళ పేరు కొట్టించింది.

సాయంత్రానికల్లా మనమంతా గుంపుగా బస్సెక్కి స్కూలుకు పోయాం.

"ఏం సార్, కంప్యూటరు ఉండాదని గదా ఫీజు కట్టింది? పిల్లోళ్ళ చేత ముట్టించమని ఎవురు చెప్పిరి?"