కోటు మీద ఎత్తిపోతల

పదకొండింటికి ఇస్మాయిల్ ఫొటో స్టూడియోలో పెళ్ళిజంట నిలబడాలి. వెనక తెర మీద రాజమహలు ఉండాలి. పాత మహలును ఎలుకలు కొట్టేశాయి. మాచర్ల బజారులో ఇరవై ఏళ్ళుగా షాపుల బోర్డులు రాస్తున్న కరీముల్లా, పదిన్నరకల్లా కొత్త మహలు లేపుతానని అందరి ముందూ మాట ఇచ్చాడు. తప్పితే బజారులో తలెత్తుకోలేడు.

అతని చెయ్యి కిరసనాయిలు కలిపే రంగుకు అలవాటు పడింది. ఇస్మాయిల్ మద్రాసు నుంచి తెచ్చినవి యాక్రిలిక్ ట్యూబులు. నీళ్ళతోనే కలపాలి. ఆ రంగు ఆరితే మళ్ళీ కరగదు.

"ఎన్ని నీళ్ళు భాయ్?" అన్నాడు కరీముల్లా.

"మజ్జిగలాగా ఉండాలని రంగుల కొట్టాయన చెప్పాడు."

మహలు గీయడం అయింది. ఇక ఆకాశం మిగిలింది. కలిపిన నీలం దోసెపిండిలా ఉంది, మే నెల వేడికి పైన తొక్క కడుతోంది. కరీముల్లా గ్లాసు నీళ్ళు పోసి, కుంచె కడగడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఇస్మాయిల్ చూసి, చిక్కగా ఉందని ఇంకో గ్లాసు పోశాడు. అతని భార్య ఖైరున్నీసా రెండు పోసింది. ఆమె ఇంట్లో మజ్జిగ అలాగే ఉంటుంది.

కరీముల్లా వచ్చి పెద్ద కుంచె ముంచి తెర పైఅంచున ఒక్క పూత వేశాడు. ఆకాశం కిందికి నడిచింది. గోపురాలు, మెట్లు మునిగాయి.

"నీళ్ళు పోసింది ఎవురు?"

అడిగిన కరీముల్లాతో సహా ముగ్గురూ చేతులెత్తారు.

గట్టిపడుతుందని కరీముల్లా తెల్ల ట్యూబు మొత్తం పిండాడు. తెలుపు నీలంలో పడి నురగలా దిగింది. అప్పుడే చర్చి నుంచి పెళ్ళివారు వచ్చారు: పెళ్ళికొడుకు దేవదాసు, పెళ్ళికూతురు రాహేలు, ఆమె అమ్మమ్మ పాపమ్మ. గుమ్మంలోనే ఆగిపోయారు. కరీముల్లా కుంచెను వీపు వెనక దాచాడు.

పాపమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది.

"ఏమే రాహేలూ, చీర ఎత్తుకోవే, తడుస్తది. ఎత్తిపోతల!"

"హోరు ఒక్కటే ఇనపడట్లేదు అమ్మమ్మా," అన్నాడు దేవదాసు మెల్లగా.

కరీముల్లా వెనక్కి తిరిగాడు. ఇరవై ఏళ్ళలో తన చెయ్యి గీయలేని ఊరి పక్క ఎత్తిపోతల జలపాతం అక్కడ దానంతటదే దూకుతోంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

దేవదాసు స్టూడియోవాళ్ళ తెల్ల కోటు తొడుక్కుని తెరకు ఆనుకుని నిలబడ్డాడు. ఫొటో అయింది. అతను పక్కకు జరిగేసరికి జలపాతం కోటు వీపుకు ఎక్కింది, నురగతో సహా.

"నా కోటు!" అంటూ ఇస్మాయిల్ దాన్ని తీసుకుని పంపు దగ్గరికి పరిగెత్తాడు. మే ఎండకు రంగు అప్పటికే ఆరింది. ఎంత రుద్దినా చుక్క కదలలేదు.

"దాన్ని రుద్దబాక నాయనా," అంది పాపమ్మ. "తొడిగి, అటు తిప్పి ఇంకోటి తియ్యి. చానా బాగుంది."

ఆ నెలలో మరో ముగ్గురు పెళ్ళికొడుకులు ఆ కోటే వేసుకుని, కెమెరాకు వీపు చూపించారు.