వాల్వు పటం, ఐదుగురు సభ్యులు

మా పేట నీటి సరఫరా కార్యాలయం వారు ఒక ఫైలును డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతుల మంచిచెడ్డలు తేల్చడానికి ఐదుగురు సభ్యులతో సంఘం వేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఒక్క ఫైలు కోసం ఇంత శ్రద్ధ ఇంకెక్కడా చూసి ఉండరు.

ఫైలు సంగతి చెబుతాను. సోమవారం మా సందులో పెద్ద పైపు పగిలింది. నేనుండేది రెండో అంతస్తు కనుక నాకు చప్పుడు మాత్రమే వినిపించింది. కింద గదిలో బట్టలు కుట్టుకుని బతికే అక్కకు మాత్రం నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. ఆమె మిషను మోటారును ఇటుకల మీదికి ఎత్తి, దాని పక్కనే కాపలా కూర్చుంది. అది తడిస్తే ఆమెకు ఇంకో బతుకుతెరువు లేదు.

నీళ్లు ఆగాలంటే రోడ్డు కింద ఎక్కడో పూడుకుపోయిన వాల్వు కట్టేయాలి. అదెక్కడుందో చూపించే పటం పెద్దాఫీసులో ఉంది. అడిగిన గంటలోనే వాళ్లు లింకు పంపి తమ పరువు తామే తీసుకున్నారు. లింకు ఏడు రోజులే పనిచేస్తుందని కింద రాశారు.

మా పేట ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరు తెలియనితనం కొద్దీ దాన్ని నొక్కబోయింది. అధికారి సమయానికి ఆపారు.

"నొక్కడం ఎంతసేపమ్మా? ఏ పద్ధతిలో నొక్కావని రేపు పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?" అన్నారు.

అలా సంఘం పుట్టింది. బ్రౌజరులో నేరుగా దించుకోవడానికి ఒక్క వేలు చాలునని మొదటి రోజు ఒప్పుకున్నారు. ఆ వేలు ఎవరిదో రికార్డులో పడుతుందని గుర్తురాగానే అందరూ చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. పైగా ఆ ఆఫీసులో నెట్ గంటకు మూడుసార్లు పోతుంది. పోయినప్పుడల్లా ఫైలు మొదటికొస్తుంది.

ఆగిన చోటి నుంచే కొనసాగించే డౌన్‌లోడ్ మేనేజరు ఉందని ఆపరేటరు మనవి చేసింది. సభ్యులు నొచ్చుకున్నారు. ఒకరు సగంలో వదిలిన పనిని తర్వాతివారు అక్కడి నుంచి అందుకోవడం ఆ కార్యాలయంలో ఎన్నడూ జరగలేదట. టొరెంటు విషయంలో మాత్రం అందరి ముఖాలూ వెలిగాయి. ఫైలు ముక్కలు ముక్కలుగా పదిమంది దగ్గర నుంచి వస్తుంది కాబట్టి ఎవరినీ పట్టుకుని నిలదీయలేరు. అయితే తీసుకున్నవాళ్లు మళ్లీ ఇతరులకు ఇవ్వాలని తెలిసి ఆ ఉత్సాహం చల్లారింది. ఇక పెద్దాఫీసుకు వెళ్లి పెన్‌డ్రైవులో తెచ్చుకోవడానికి ఐదుగురూ సిద్ధపడ్డారు. ఎవరు వెళ్లాలో తేల్చడానికి ఉపసంఘం వేశారు.

పై అంతస్తుల వాళ్లం చేతులు ముడుచుకుని కూర్చున్నామనుకోకండి. మా వాట్సాప్ గ్రూపులో ఏ పద్ధతి మేలని రెండు వర్గాలుగా చీలి మూడు రోజులు రాత్రీపగలూ పోట్లాడుకున్నాం. నేను టొరెంటు పక్షం. ఆ మూడు రోజుల్లో కింద నీళ్లు మోకాళ్లకు చేరాయి.

ఐదో రోజు అక్క రిటైరైన ఫిట్టరును వెతికి ఆఫీసుకు తీసుకెళ్లింది. ఆ వాల్వు బిగించింది ఆయనే.

"మూల మీద కరెంటు స్తంభం నుంచి ఏడడుగులు. పైన జానెడు మట్టి ఉంటుంది, అంతే," అన్నాడాయన.

అధికారి లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "మీరంటే మాకెంతో గౌరవమండీ. కానీ మీ నోటితో చెప్పిందాన్ని నేను ఏ ఫోల్డరులో పెట్టుకోవాలి?"

ఫిట్టరు మా సందుకు వచ్చి, పార తీసుకుని తవ్వి, పావుగంటలో వాల్వు కట్టేశాడు. నీళ్లు ఆగాయి. అక్క చీపురు అందుకుంది. మేం బాల్కనీల నుంచి చప్పట్లు కొట్టాం.

సాయంత్రం అధికారి సిబ్బందితో జీపులో దిగారు. వాల్వు కట్టేసి ఉంటే పటం అవసరం ఉండదు, పటం అవసరం లేకపోతే సంఘం విచారిస్తున్న అంశమే ఉండదు. అందువల్ల నివేదిక అందేవరకు యథాస్థితి కొనసాగించాలని మర్యాదగా వివరించి, వాల్వు మళ్లీ తిప్పి తెరిపించారు. అక్క అడ్డం వెళ్లింది. ఆమెను పక్కకు జరిపారు. ఆ రాత్రికి మోటారు తడిసిపోయింది.

ఎనిమిదో రోజు సంఘం అన్ని పద్ధతులూ దేనికదే మంచిదని ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పటికి లింకు గడువు దాటి రెండు గంటలైంది. కొత్త లింకు ఏ పద్ధతిలో అడగాలో ఇప్పుడు పరిశీలనలో ఉంది.

నిన్న మెట్ల దగ్గర అక్క నన్ను ఆపింది.

"వాల్వు తిప్పుతుంటే మీరంతా పైనుంచి చూస్తూనే ఉన్నారు కదా తమ్ముడూ. ఒక్కరైనా కిందికొచ్చి వద్దని అనలేకపోయారా?"

సిగ్గేసింది. చేతులు ఖాళీ లేవని చెప్పలేకపోయాను. ఆ సమయంలో నేను వీడియో తీస్తున్నాను. ఆమెను పక్కకు జరపడం అందులో చాలా స్పష్టంగా పడింది. ఇప్పటికి నాలుగు వేల మంది దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఒక్కరికీ మధ్యలో ఆగలేదట.